స్టార్ట్ కాని చైన్‌సా: కార్బురేటర్ శుభ్రం చేయాలా, కిట్ వేయాలా, కొత్తది కొనాలా?

ఆరు నెలలు మూలన పడి ఉన్న చైన్‌సాను బయటికి తీస్తారు. చోక్ వేసి తాడు లాగితే ఒక్కసారి భుర్రుమని ఆగిపోతుంది. మళ్లీ లాగితే అదీ ఉండదు. ఇరవై సార్లు లాగేసరికి భుజం పట్టేస్తుంది. ఎవరినడిగినా ఒకటే మాట: "కార్బురేటర్ పోయింది, మార్చేయండి." చాలాసార్లు ఆ మాట నిజమే. పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజిన్‌కి అందించే భాగం అది, నిలవున్న పెట్రోల్ ముందుగా దెబ్బతీసేది దాన్నే. కానీ కార్బురేటర్‌ని ఏం చేయాలన్నది మూడో ప్రశ్న. ఇంజిన్‌లో దమ్ము (కంప్రెషన్) ఉందా అన్నది మొదటిది, ప్లగ్‌కి కరెంటు వస్తోందా అన్నది రెండోది. ఆ రెండూ తేలకుండా సామాను కొంటే ఏమవుతుందో నాకు అనుభవమే.

నా దగ్గరున్న ఒక పాత రంపానికి ఐడిల్‌లో ఉండగానే వేగం దానంతటదే పెరిగేది, పక్కకి వాల్చితే ఆగిపోయేది. రిపేరుకిస్తే కార్బురేటర్ అన్నారు, మార్చారు. కొన్నాళ్లు బాగానే ఉండి మళ్లీ అదే గోల. ఈసారి ఇంకొకటి తెచ్చి నేనే బిగించాను. మార్పు లేదు. చివరికి మొత్తం విప్పి చూస్తే, కార్బురేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే రబ్బరు బూటు అడుగున సన్నటి చీలిక ఉంది. వేళ్లతో బూటును వంచితే తప్ప అది కనపడదు. గాలంతా అక్కణ్నుంచే లాగుతోంది. రెండు కార్బురేటర్లూ మంచివే, మార్చాల్సింది ఒక్క రబ్బరు ముక్క. డబ్బు పోవడం కంటే నన్ను భయపెట్టింది ఇంకొకటి. టూ స్ట్రోక్ ఇంజిన్‌కి ఆయిల్ అందేది పెట్రోల్‌తోనే. గాలి ఎక్కువై పెట్రోల్ తగ్గిందంటే ఆయిల్ కూడా తగ్గినట్టే. ఆ లీకుతో ఇంకొన్నాళ్లు నడిపి ఉంటే పిస్టన్ కూడా పోయేది.

అందుకే ఏ దారి ఎంచుకోవాలో చెప్పేముందు, ఆ ఎంపిక దాకా రావడానికి చేయాల్సిన పరీక్షల గురించి కాస్త వివరంగా రాస్తున్నాను. వీటికి అరగంట చాలు.

ముందు ఇంజిన్‌ని అడగండి

తాడు ఏడెనిమిది సార్లు లాగి, ప్లగ్ విప్పి చూడండి. కొన పొడిగా ఉంటే పెట్రోల్ అందడం లేదు. తడిసి కారుతుంటే పెట్రోల్ వస్తోంది కానీ మండడం లేదు. అంటే కరెంటు లేకపోవచ్చు, లేదా చోక్ వేసి మరీ ఎక్కువసార్లు లాగడంతో ఇంజిన్ మునిగిపోయి ఉండొచ్చు. మునిగితే చోక్ తీసి, స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్ రంధ్రం కిందికి వచ్చేలా యంత్రాన్ని బోర్లించి కొన్నిసార్లు తాడు లాగండి. లోపలి పెట్రోల్ బయటికి చిమ్ముతుంది. దగ్గరలో నిప్పు, సిగరెట్ ఏవీ ఉండకూడదు.

కరెంటు చూడటానికి ప్లగ్‌కీ దాని మీద తొడిగే వైరు టోపీకీ మధ్య పెట్టే టెస్టర్ వాడటం మంచిది. ప్లగ్ విప్పి సిలిండర్‌కి ఆనించి చూసే పాత పద్ధతి పనిచేస్తుంది కానీ, పక్కనే తెరిచున్న రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి వస్తూ ఉంటుంది. కరెంటు లేకపోతే మొదట కొత్త ప్లగ్ వేయండి. చాలా చైన్‌సాలకి ప్లగ్ గ్యాప్ 0.5 మి.మీ. అప్పటికీ రాకపోతే, ప్లగ్‌కి కరెంటు పుట్టించే కాయిల్ దగ్గర స్విచ్ వైరు విడదీసి మళ్లీ లాగండి. ఇప్పుడు వస్తే కాయిల్ మంచిదే, స్విచ్చో వైరో ఎక్కడో బాడీకి తగులుతోంది. కాయిల్ కొనే ముందు ఈ ఒక్క పని చేస్తే చాలామందికి ఆ ఖర్చు తప్పుతుంది.

కంప్రెషన్‌కి గేజ్ ఉంటే ప్లగ్ స్థానంలో బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకుని, ముల్లు ఆగేదాకా లాగండి. 120 పీఎస్ఐ దాటితే నిశ్చింతగా ఉండొచ్చు. 90 కిందికి వస్తే స్టార్టింగ్ కష్టమే. గేజ్ లేకపోతే స్విచ్ ఆఫ్ చేసి, స్టార్టర్ పిడి పట్టుకుని రంపాన్ని గాల్లో వేలాడదీయండి. ఆగి ఆగి, మెట్టు మెట్టుగా దిగితే బాగున్నట్టు. జర్రున జారిపోతే అనుమానించాలి. డీకంప్రెషన్ బటన్ (తాడు తేలిగ్గా లాగడానికి దమ్ము కాస్త వదిలేది) ఉన్న మోడల్ అయితే అది లోపలికి నొక్కి ఉందేమో ముందు చూసుకోండి.

వీటన్నిటికంటే నేను నమ్మేది సైలెన్సర్ విప్పి చూడటం. రెండు మూడు బోల్టులే. సైలెన్సర్ తీసిన చోట కనిపించే రంధ్రంలోకి టార్చి కొట్టి, తాడు నెమ్మదిగా లాగుతూ పిస్టన్ కిందికీ పైకీ కదులుతుంటే చూడండి. ఆరోగ్యంగా ఉన్న పిస్టన్ పక్కభాగం నున్నగా, ఒకే రంగులో ఉంటుంది. తయారీలో పడిన సన్నటి అడ్డగీతలు కూడా కనిపిస్తాయి. నిలువుగా గీసుకుపోయిన చారలు కనిపిస్తే మాత్రం కార్బురేటర్ సంగతి పక్కన పెట్టేయండి. అక్కడ ఎంచుకోవాల్సినవి వేరే ఉన్నాయి, కింద రాశాను. సైలెన్సర్ ఎలాగూ విప్పారు కాబట్టి, అందులోని నిప్పురవ్వలు ఆపే జాలీ మసితో మూసుకుపోయిందేమో చూసి వైర్ బ్రష్‌తో రుద్దండి. స్టార్ట్ అయి కూడా వేగం పుంజుకోని యంత్రాలు కొన్ని దీంతోనే బాగవుతాయి.

కార్బురేటర్ మీదికి నింద తెచ్చేవి ఇంకా ఉన్నాయి. ఐదు పది నిమిషాలు నడిచి ఆగిపోయి, ట్యాంకు మూత వదులు చేయగానే మళ్లీ నడిస్తే, ట్యాంకులోకి గాలి వెళ్లే దారి మూసుకుపోయింది. ట్యాంకులో గొట్టం చివర ఉండే ఫిల్టరు మురికిపట్టినా, ఆ గొట్టం గట్టిపడి పగిలినా పెట్రోల్ అందదు. ఇవన్నీ చిన్న సామాన్లే. నా అలవాటు ఏమిటంటే, కార్బురేటర్ ముట్టుకున్న ప్రతిసారీ ఫిల్టరూ గొట్టమూ కొత్తవి వేసేస్తాను.

"పవర్ తగ్గింది" అని తెచ్చే రంపాల్లో అసలు లోపం గొలుసులో ఉండటం కూడా మామూలే. ఇప్పుడు మనం వాడే గొలుసు పన్ను ఆకారం వెనక ఒక పురుగు ఉంది. కర్రని తొలిచే పెంకుపురుగు పిల్ల దవడలు రెండువైపులా కోసుకుంటూ పోవడం గమనించి, అమెరికాలో జోసెఫ్ కాక్స్ ఈ రకం గొలుసు తయారుచేసి 1947లో కంపెనీ పెట్టాడు. అంటే ఇది కర్రని రాపాడించేది కాదు, చెక్కేది. పదునున్న గొలుసు చెక్కపొట్టు రాలుస్తుంది, మొద్దుబారింది పొడి రాలుస్తుంది. పొడి రాలుతుంటే కార్బురేటర్ జోలికి పోకుండా ఆకురాయి తీసుకోండి. గొలుసు పిచ్ (లింకుల మధ్య దూరం) 0.325 అంగుళాలైతే సాధారణంగా 4.8 మి.మీ. ఆకురాయి, చిన్న రంపాల మీద ఉండే తక్కువ ఎత్తు 3/8 గొలుసుకి 4 మి.మీ. సరిపోతుంది.

మూడు దారులు

ఇవన్నీ దాటి, దమ్మూ కరెంటూ బాగుండి, ప్లగ్ పొడిగా ఉండి, గొట్టాలూ ఫిల్టరూ సరిగ్గా ఉంటే, అప్పుడది కార్బురేటరే.

చైన్‌సాల్లో, బ్రష్ కట్టర్లలో ఉండేది డయాఫ్రమ్ కార్బురేటర్. స్కూటర్‌లో ఉన్నట్టు ఇందులో ఫ్లోట్ ఉండదు. అందుకే యంత్రాన్ని ఎటు తిప్పినా పనిచేస్తుంది. ఇంజిన్ అడుగుభాగంలో పుట్టే ఒత్తిడి తేడాతో ఒక పల్చటి పొర కొట్టుకుని పెట్రోల్‌ని లాగుతుంది. ఇంకో పొర, చిన్న లివరు, సూది కలిసి ఎంత లోపలికి వదలాలో చూసుకుంటాయి. ఈ రెండు పొరల మెత్తదనం మీదే అంతా ఆధారపడి ఉంది. పెట్రోల్ ఎండి జిగురు కట్టినా, ఇథనాల్ కలిసిన పెట్రోల్ నెలల తరబడి నానినా మొదట గట్టిపడేవి అవే.

శుభ్రం చేస్తే చాలా, కిట్ (పొరలూ ప్యాకింగుల లాంటి కొత్త విడిభాగాల ప్యాకెట్) వేయాలా అన్న ప్రశ్నకి జవాబు ఆ పొరలోనే ఉంటుంది. నాలుగు స్క్రూలున్న మూత తీసి, పొరని వెలుతురుకి ఎత్తి పట్టుకుని మధ్యలో వేలికొనతో నెమ్మదిగా నొక్కండి. మెత్తగా లోపలికి వెళ్లి, చప్పుడు లేకుండా వెనక్కి రావాలి. ఎండుటాకులా పెళపెళలాడినా, నొక్కిన చోట ముడత నిలిచిపోయినా దాని పని అయిపోయింది. ఎంత కడిగినా అది మెత్తబడదు.

పొర మెత్తగా ఉండి, యంత్రం ఈమధ్య దాకా నడిచినదే అయితే శుభ్రం చేయడంతో సరిపెట్టుకోవచ్చు. రెండోవైపు ఒకే స్క్రూ ఉన్న మూత తీస్తే గోరంత జల్లెడ కనిపిస్తుంది. అందులో గోధుమరంగు జిగురో, సన్నటి రంపపు పొట్టో పేరుకుని ఉంటుంది. చాలామంది ఎయిర్ ఫిల్టర్ తీసి గొంతులోకి స్ప్రే కొట్టి శుభ్రం చేశామనుకుంటారు. ఆ స్ప్రే ఈ జల్లెడ దాకా రాదు. రబ్బరు భాగాలన్నీ తీశాకే క్లీనర్ కొట్టండి, లేకపోతే అవి ఉబ్బుతాయి. రంధ్రాల్లోకి గాలి కొట్టాలి, తీగ దూర్చకూడదు. ఆ రంధ్రాల కొలతే కార్బురేటర్‌కి ప్రాణం. ఒకసారి గీసుకుపోతే ఏ స్క్రూతోనూ సరికాదు.

నన్నడిగితే, రెండు మూడేళ్లు దాటిన యంత్రానికి మూత తీసిన తర్వాత ఉత్తినే కడిగి మూసేయడం దండగ. కిట్ వేసేయాలి. చైన్‌సాల మీద ఎక్కువగా కనిపించే కార్బురేటర్లు వాల్‌బ్రో, జామా కంపెనీలవి. రంపం మోడల్ చెప్పి కిట్ కొంటే పొరపాటు జరగొచ్చు, ఒకే మోడల్‌కి ఏడాదిని బట్టి వేర్వేరు కార్బురేటర్లు వచ్చిన సందర్భాలున్నాయి. కార్బురేటర్ ఒంటి మీద చెక్కిన నంబరు చూసి కొనండి. రెండు కంపెనీల్లోనూ కిట్లు రెండు రకాలు. పొరలూ ప్యాకింగులూ మాత్రమే ఉండేది ఒకటి: వాల్‌బ్రోలో డీ అక్షరంతో, జామాలో జీఎన్‌డీతో మొదలవుతుంది. సూది, లివరు, జల్లెడ కూడా ఉండేది రెండోది: వాల్‌బ్రోలో కే, జామాలో ఆర్‌బీ. ఆపినప్పుడు కూడా పెట్రోల్ కారుతుంటే, ఇంజిన్ పదేపదే మునుగుతుంటే సూది అరిగిందేమో అనుమానించాలి. అప్పుడు రెండో రకమే తీసుకోవాలి.

కిట్ వేసేవాళ్లు తడబడేది రెండు చోట్ల. ఒకటి, పొర ముందా ప్యాకింగ్ ముందా అన్న వరస. రెండువైపులా ఒకే వరస ఉంటుందనుకోవద్దు. విప్పేటప్పుడే ఫోను తీసి ఒక్కో పొరకీ ఒక్కో ఫొటో తీసుకోండి. రెండోది లివరు ఎత్తు. కాస్త ఎక్కువైతే ఇంజిన్ మునుగుతుంది, తక్కువైతే పెట్రోల్ చాలదు. ఆ కార్బురేటర్ మాన్యువల్‌లో ఉన్న కొలత ప్రకారమే పెట్టాలి. కిట్ వేసినా బాగుపడలేదని వదిలేసిన కార్బురేటర్లలో, వరస మార్చి లివరు సర్దగానే మామూలుగా నడిచినవి నేను చూశాను.

మరి కొత్త కార్బురేటర్ ఎప్పుడు? ట్యాంకులోకి నీళ్లు చేరి లోపల తెల్లటి పొడిలా తుప్పు పట్టి ఉన్నప్పుడు. యాక్సిలరేటర్ నొక్కితే తిరిగే థ్రాటిల్ ఇరుసు అరిగి, వేలితో కదిపితే లొడలొడలాడుతున్నప్పుడు. సరిగ్గా కిట్ వేశాక కూడా దారికి రానప్పుడు. అప్పుడు ఒరిజినలా, బయట కంపెనీదా అన్న ప్రశ్న వస్తుంది. చవక బ్రష్ కట్టర్‌కి బయట కంపెనీది వేసి చూడటంలో తప్పులేదు, చాలా వరకు నడుస్తాయి. కానీ రోజంతా పనిచేసే మంచి రంపానికి, పాత ఒరిజినల్ బాడీకే కిట్ వేయడం కొత్త చవక కార్బురేటర్ కంటే మేలని నా గట్టి నమ్మకం. చవకవాటిలో చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నా లోపలి రంధ్రాల కొలతలో తేడా ఉండొచ్చు. ఫుల్ రేజ్‌లో పెట్రోల్ తగ్గితే ఆ తేడా పిస్టన్ మీద పడుతుంది.

కొత్తది వేసినా పాతది బాగుచేసినా ట్యూనింగ్ తప్పదు. చాలావాటికి ఎల్ (తక్కువ వేగానికి పెట్రోల్ సర్దేది), హెచ్ (ఎక్కువ వేగానికి సర్దేది) స్క్రూలు మెల్లగా పూర్తిగా మూసి, ఒక చుట్టు తెరిచి మొదలుపెట్టొచ్చు. ఎల్‌తో ఐడిల్ నుంచి వేగం తడబడకుండా ఎక్కేలా సర్దాలి. ఆ తర్వాత ఐడిల్ స్క్రూతో గొలుసు తిరగకుండా ఇంజిన్ నిలిచేలా చూడాలి. హెచ్ దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. ఖాళీగా ఫుల్ రేజ్ ఇస్తే కాస్త గరగరమంటూ తడిగా మోగాలి, కర్రలోకి దించగానే ఆ గరగర పోయి శుభ్రంగా పలకాలి. ఖాళీగా ఉన్నప్పుడే కీచుమని సన్నగా అరుస్తోందంటే పెట్రోల్ చాలడం లేదు, వెంటనే హెచ్ కొంచెం తెరవండి. చెవికి అలవాటు లేకపోతే ఇంజిన్ వేగం కొలిచే టాకోమీటర్ పెట్టి, మాన్యువల్‌లో రాసిన గరిష్ఠ వేగం దాటకుండా చూసుకోండి.

స్టిల్ కంపెనీ ఎం-ట్రానిక్, హస్క్‌వర్నా ఆటోట్యూన్ ఉన్న రంపాలకి ఈ సర్దుబాటంతా ఎలక్ట్రానిక్ పద్ధతిలో దానంతటదే జరుగుతుంది. వాటికి మామూలు కార్బురేటర్ తగిలించే ప్రయత్నం చేయొద్దు. నేరుగా డీలర్ దగ్గరికి తీసుకెళ్లడమే సరైన ఎంపిక.

గడ్డి కోసే మిషన్‌లో ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ఉంటే లెక్క మారుతుంది. దానిది ఫ్లోట్ ఉన్న కార్బురేటర్, గట్టిపడే పొరల గొడవ చాలావాటిలో ఉండదు. అడుగు గిన్నె విప్పి జెట్ (పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రమున్న ముక్క) శుభ్రం చేస్తే ఎక్కువసార్లు అక్కడితో అయిపోతుంది. వేగం అలలా పెరుగుతూ తగ్గుతూ ఉంటే చిన్న జెట్ మూసుకుపోయిందనుకోవచ్చు. బ్లేడు రాయికో మొద్దుకో గట్టిగా తగిలి ఆగిపోయిన మిషన్ అయితే కార్బురేటర్ విప్పకముందే ఫ్లైవీల్ కింద ఉండే చిన్న కీ చూడండి. అది సగం తెగినా నిప్పు పడే సమయం తప్పిపోతుంది.

పిస్టన్ గీసుకుపోయి ఉంటే

గీతలు ఏ వైపు ఉన్నాయో చూస్తే కారణం చాలావరకు తెలుస్తుంది. సైలెన్సర్ వైపు ఉంటే ఆయిల్ చాలలేదు, లేదా గాలి లీకు వల్ల పెట్రోల్ తగ్గింది. కార్బురేటర్ వైపు ఉంటే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి పోయింది. చుట్టూ ఒకేలా గీసుకుపోయి ఉంటే ఆయిల్ కలపని పెట్రోల్ పోశారేమో అడగాలి. కారణం సరిచేయకుండా కొత్త పిస్టన్ వేస్తే అదీ అదే దారిన పోతుంది. ముఖ్యంగా క్రాంక్ సీళ్లు (ఇంజిన్ ఇరుసు చుట్టూ గాలి పోకుండా ఆపేవి), కార్బురేటర్ రబ్బరు బూటు లీకవుతున్నాయేమో ప్రెషర్ టెస్ట్ చేయించాలి. ఆ పరికరాలు ఇంట్లో ఉండవు కాబట్టి, ఈ ఒక్క పరీక్ష మంచి వర్క్‌షాపులో చేయించడం లాభం.

ఇక పిస్టన్ ఒక్కటే మార్చాలా, సిలిండర్‌తో కలిపి సెట్టా? సిలిండర్ లోపలి గోడ మీద గట్టి పూత ఉంటుంది. గోరు పెట్టి అడ్డంగా లాగి చూడండి. గోరు దిగబడేంత గాడి ఉంటే సెట్ మార్చాల్సిందే. గోరు ఆగకుండా, పిస్టన్ అల్యూమినియం పైపైన అంటుకుని మాత్రమే ఉంటే దాన్ని తీయించి పిస్టన్, రింగులు వేస్తే చాలు. ఆ పని యాసిడ్‌తో చేస్తారు, తెలిసినవాళ్లకే వదలండి. బయట సామానులో పిస్టన్లకు మీటియర్, రింగులకు కేబర్ అనే ఇటలీ కంపెనీలకు మంచి పేరుంది. పేరులేని సెట్ కొత్త సిలిండర్‌తో వచ్చినా, గోరుకి ఏమీ తగలని పాత ఒరిజినల్ సిలిండర్‌ని నేను వదులుకోను.

ఇంత పని పెట్టుకునే ముందు ఇంజిన్ నిర్మాణం చూడండి. వృత్తిపరంగా వాడే రంపాల్లో నాలుగు బోల్టులు విప్పితే సిలిండర్ పైకి వచ్చేస్తుంది. ఇళ్లలో వాడే చాలా మోడళ్లలో ఇంజిన్ రెండు చిప్పలుగా ఉంటుంది, పిస్టన్ మార్చాలంటే మొత్తం ఇంజిన్ బాడీలోంచి దింపాలి. రెండో రకంలో పిస్టన్ పోతే, కూలీతో కలిపి ఖర్చు కొత్తదాని ధరలో సగానికి చేరితే నేను ఆపేస్తాను. మొదటి రకమైతే, విడిభాగాలు ఇంకా దొరుకుతున్నంత కాలం బాగుచేసుకుంటూ పోవచ్చు.

కొత్తది కొనాల్సి వస్తే మళ్లీ పెట్రోలేనా అని ఒకసారి ఆగి ఆలోచించండి. ఏడాదికి రెండు మూడుసార్లు కొమ్మలు కొట్టుకునేవాళ్లకి బ్యాటరీ రంపం నయం. పైన రాసిన టెన్షన్‌లో ముప్పాతిక వంతు పెట్రోల్ నిలవ ఉండటం వల్ల వచ్చేదే. రోజంతా, లావు మానులు, కరెంటు లేని చోట పని అయితే పెట్రోల్ రంపమే కావాలి. అప్పుడు డబ్బాలో పెట్రోల్ కంటికి సరిపెట్టి కాకుండా కొలిచి కలపండి. 50:1 అయితే లీటరుకి 20 మి.లీ. టూ స్ట్రోక్ ఆయిల్, 40:1 అయితే 25 మి.లీ. నెలకి సరిపడా మాత్రమే కలుపుకోండి. సీజన్ అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటదే ఆగిపోయేదాకా ఐడిల్‌లో నడిపి, ఆ తర్వాతే మూలన పెట్టండి.